కుట్టని ఈగకు నేను పెట్టిన పేరు

రెక్కలు లెక్కపెట్టకుండా కీటకానికి పేరు పెట్టకూడదు. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు జంతుశాస్త్రం బోధించాను. ఏటా మొదటి ప్రయోగ తరగతిలో కర్ర స్కేలుతో బల్ల మీద ఒకసారి కొట్టి, అందరూ నిశ్శబ్దమయ్యాక చెప్పే మొదటి వాక్యం అదే. నాలుగు రెక్కలుంటే తేనెటీగ కావచ్చు, కందిరీగ కావచ్చు. రెండే ఉంటే అది ఈగల వర్గానికి చెందినది. ఎంత భయంకరంగా కనిపించినా, ఒంటి నిండా పసుపు నలుపు చారలు వేసుకొని వచ్చినా అది ఈగే. రెండో జత రెక్కలు ఉండవలసిన చోట దానికి గుండుసూదుల వంటి రెండు చిన్న కాడలు ఉంటాయి. ముందు వాటిని చూడండి, తరువాత నోరు తెరవండి. చూడకుండా నోరు తెరిచిన విద్యార్థిని నిలబెట్టేదాన్ని. గంట మోగేవరకు నిలబెట్టేదాన్ని.

ఆ నియమాన్ని నేనే ఉల్లంఘించాను. నన్ను నిలబెట్టేవారు ఎవరూ లేకపోయారు. ఆ కోపం ఇంతవరకు చల్లారలేదు కనుక ఇది రాస్తున్నాను.

ఉద్యోగ విరమణ తరువాత కొండాపూర్‌లోని నా ఇంట్లో స్థిరపడ్డాను. పెళ్లి చేసుకోలేదు. ఇల్లు, తోట, క్రమం, ఈ మూడూ నావి. వెనుకవైపు అద్దాల కార్యాలయాలు లేచి, మధ్యాహ్నం మూడు తరువాత ఎండ నేరుగా కాక, వాటి మీద పడి తిరిగి నా తోటలోకి వచ్చేది. ఆ వెలుగు ఫొటోలకు బాగా పనికివచ్చేది. చిన్న వస్తువులను దగ్గరనుంచి తీయగల కెమెరా ఒకటి కొనుక్కున్నాను. కళాశాలలో ఉన్నన్నాళ్లూ కీటకాలను సీసాల్లో చంపి దాచాను. ఇక చంపనవసరం లేదని, ఫొటో తీసి వదిలేస్తే చాలని నిర్ణయించుకున్నాను.

తోటలో తీసిన ప్రతి ఈగకూ ఒక రిజిస్టరు పెట్టాను. వరుస సంఖ్య, తేదీ, సమయం, ఏ మొక్క మీద, కీటకం పేరు, చివరి గడి నిర్ధారించినవారు. ఆ చివరి గడి నిండా నా పొడి అక్షరాలే. కరివేపాకు మీద రోజూ ఉదయం వాలే పచ్చలోహపు రంగు పొడుగుకాళ్ల ఈగ ఉంది. బంతిపూల ముందు గాలిలో కదలక నిలిచే చారల ఈగ ఉంది. స్నానాలగది గోడ మీద కూర్చునే, ఒళ్లంతా నూగున్న బూడిదరంగు ఈగ ఉంది. దాన్ని అందరూ దోమ అంటారు, కాదు. ఇరుగుపొరుగుకు ఇదంతా పరిహాసంగా ఉండేది. పక్కింటి గుంటూరావిడ ఒకసారి గోడ మీదుగా అడిగింది.

"ఏంటండీ మేడం గారూ, ఈగల్ని ఫొటోలు తీస్తున్నారా? మా వంటింట్లోకి రండి, బోలెడున్నాయి. గ్రూప్ ఫొటో తీసుకోవచ్చు."

నేను నవ్వలేదు. ఆవిడ మాత్రం చాలాసేపు నవ్వింది.

కాలనీ గేటు పక్కన రేకుల గదిలో కాపలాదారు కుటుంబం ఉండేది. పాలమూరు వైపు నుంచి వచ్చినవారు. ఇద్దరు ఆడపిల్లలు దగ్గరి సర్కారు బడికి నడిచి వెళ్లేవారు. ఆ పిల్లల తల్లి ఉదయం గంటసేపు నా తోటలో నీళ్లు పట్టి, కలుపు తీసి వెళ్లేది. పని శుభ్రంగా చేసేది. మాట్లాడకుండా చేయడం మాత్రం ఆమెకు చేతకాదు.

"టీచరమ్మా, గా పచ్చ ఈగను నిన్న దీస్తివి, ఇయ్యాల మళ్ల దీస్తున్నవ్. దానికి పెండ్లి సంబంధం జూస్తున్నవా ఏంది?"

"పని చూడు" అనేదాన్ని.

నాలుగు సంవత్సరాలు ఆమెతో నేను ఎక్కువగా అన్నది ఆ రెండు మాటలే.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. ఉద్యోగులంతా సమ్మెలోకి దిగిన ఆ వానాకాలం చివర, బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గు రాక కరెంటు గంటల తరబడి పోయేది. నేను కరీంనగర్ జిల్లాలో పుట్టినదాన్ని. రాష్ట్రం రావాలని నాకూ ఉండేది. కాని ఏ పనైనా సమయానికి జరగకపోతే నాకు ఊపిరాడదు. ఈ రెండు విషయాలూ నాలో ఆ నెలంతా పోట్లాడుకున్నాయి. చెత్త బండి రావడం మానేసింది. గేటు దగ్గర కుప్ప పెరిగింది, కుక్కలు చేరాయి.

ఒక ఉదయం మునగచెట్టు వెనుక, నా తోటలో, మోకాటి లోతు గుంత కనిపించింది.

"ఇదేమిటి?"

"గుంత, అమ్మా."

"గుంత అని కనిపిస్తూనే ఉంది. ఎవరిని అడిగి తవ్వావు?"

"ఎవర్నడగాలె? పది దినాల సంది చెత్త బండి వస్తలేదు. గేటు కాడ కుక్కలు గుంజుతున్నయ్, పిల్లలు తొక్కుతున్నరు. నీ ఇంటి వెనుకంగ జాగా ఊకెనే ఉండె. కూరగాయ తొక్కులు, మిగిలిన అన్నం గీ గుంతల ఏస్తున్న. మీద ఆకులు, మట్టి కప్పుతున్న. వాసనొస్తదా? జర ముక్కు పెట్టి సూడు."

వాసన రావడం లేదు. అది నా కోపాన్ని ఇంకా పెంచింది. తప్పు చేసినవారు పని సక్రమంగా చేస్తే కోప్పడేవారికి పట్టు దొరకదు.

వారం గడిచేసరికి ఆ గుంత చుట్టూ ఒక నల్లటి కీటకం తిరగడం మొదలుపెట్టింది. అంగుళంలో ముప్పాతిక ఉంటుంది. సన్నని నడుము, ముందుకు చాచిన పొడవాటి మీసాలు, ఎగిరేటప్పుడు జుమ్మనే మోత. ఇలాంటిది నా తోటలో అంతకుముందు చూడలేదు. ఒకటి మునగాకు మీద వాలితే నాలుగు ఫొటోలు తీశాను. నేను వంగి తీస్తుండగా ఆమె పైపు పట్టుకొని వెనుక నిలబడింది.

"గది కుట్టదమ్మా" అంది. "నా చేతి మీద వాల్తది, పోతది. దానికి ముల్లు లేదు. నోరు గూడ లేనట్టే ఉంది, ఏం తినంగ సూడలే. దాని పిల్లలే గుంతల మేస్తున్నయ్. నాలుగు ఏరి కోడికేస్తున్న."

"నీకు తెలియదు. ఊరుకో."

"తెల్వక చెప్తున్ననా?"

"పని చూడు."

మర్నాడు పది గంటలకు కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ సంస్థలో మేనేజరు, యాభై ఏళ్లుంటాయి, కోస్తా నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మనిషి. వెంట ఏడేళ్ల కూతురు. ఆ పిల్ల ఎడమ కంటి రెప్ప వాచి కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

"చూడండి మేడం గారూ, పాప కన్ను. నిన్న సాయంత్రం పార్కులో ఆడుకుంటుంటే ఏదో కుట్టిందండి. ఒకటే ఏడుపు. మీ మునగచెట్టు వెనకాల నల్ల కందిరీగలు తిరుగుతున్నాయని మా పనమ్మాయి చెప్పింది. మీరు జువాలజీ కదండీ, అవేంటో మీరే చెప్పాలి."

కంప్యూటరులో పెద్దది చేసి చూడాలి. కరెంటు లేదు. మధ్యాహ్నం రెండు వరకు రాదు. "రెండింటికి రండి, చూసి చెబుతాను" అని ఉండవలసింది. నాలుగు గంటలు ఆగడం అంత కష్టమా? ఆగలేదు. ఆ పిల్ల కన్ను చూశాను. అడగకుండా నా నేలలో తవ్విన గుంత గుర్తుకువచ్చింది. కెమెరా వెనుక అగ్గిపెట్టెంత తెర మీద ఆ ఫొటో చూశాను. నల్లటి ఒళ్లు, సన్నని నడుము.

"కందిరీగ" అన్నాను.

"కన్ఫర్మేనా అండి?"

"ఆకారం చూడగానే తెలుస్తోంది."

ఆకారం చూసి పేరు చెప్పిన పిల్లలను నేను గంటలకొద్దీ నిలబెట్టాను.

"అయితే రెండు ముక్కలు రాసివ్వండి మేడం గారూ. కమిటీలో పెడతాను. మీలాంటివాళ్లు రాస్తే ఎవరూ కాదనరు."

రాశాను. నా చేతిరాత చక్కనిదని అందరూ అంటారు. "నా తోటలోని గుంత వద్ద సంచరించుచున్న కీటకము కందిరీగ. ఇది చిన్నపిల్లలకు ప్రమాదకరము." అక్కడితో ఆపినా కొంత నయంగా ఉండేది. మూడో వాక్యం నన్ను ఎవరూ అడగలేదు. "సదరు గుంతను కాపలాదారు భార్య నా అనుమతి లేకుండ త్రవ్వినది." కింద సంతకం, దాని కింద విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు అని హోదా.

ఆమె మొక్కల మధ్య నుంచి చూస్తూనే ఉంది. ఆయన వెళ్లాక అడిగింది.

"ఏం రాసినవమ్మా?"

"నీకు సంబంధం లేదు" అన్నాను. మొత్తం సంబంధం ఆమెకే అని నాకు తెలుసు.

మరుసటి రోజు మధ్యాహ్నం గేటు పక్కనున్న అద్దాల నోటీసు పెట్టెలో రెండు కాగితాలు కనిపించాయి. ఒకటి కమిటీ నిర్ణయం. అనుమతి లేకుండా గుంత తవ్వి విషకీటకాలను పెంచి ఒక బాలికకు హాని కలిగించినందున కాపలాదారును తొలగించడమైనది, కుటుంబం పది రోజుల్లో గది ఖాళీ చేయవలెను, పై విషయమును నిపుణులు ధ్రువీకరించిరి. రెండోది ఆ నిపుణుల కాగితం. నా కాగితం.

గది పోతుందని నేను అనుకోలేదు. గుంత పూడ్చమంటారు, మందలిస్తారు, అంతే అనుకున్నాను. అలా అనుకున్నానని ఇప్పుడు రాయడం కూడా నాకు సిగ్గుగా ఉంది. కాగితం మీద ఒక మనిషిని చూపించి సంతకం చేసినవారికి, ఆ కాగితం తరువాత ఎక్కడికి వెళుతుందో ఊహించలేదని చెప్పుకునే హక్కు లేదు.

ఇంటికి వచ్చేసరికి కరెంటు ఉంది. అప్పుడు, నిర్ణయం అద్దం వెనుకకు చేరాక, ఫొటోను కంప్యూటరులో పెద్దది చేశాను.

రెక్కలు రెండు. వీపు మీద కత్తెర మూసినట్టు ఒకదాని మీద ఒకటి. వాటి వెనుక, రెండో జత ఉండవలసిన చోట, పాలిపోయిన గుండుసూది తల స్పష్టంగా. నేను సన్నని నడుము అనుకున్నది నడుము కూడా కాదు. పొట్ట మొదట్లో రెండు పక్కలా రెండు పారదర్శకమైన మచ్చలున్నాయి, గాజు కిటికీల్లాగా. వాటి గుండా వెనుకనున్న మునగాకు పచ్చదనం కనిపిస్తోంది. ఆ కిటికీల వల్ల దూరం నుంచి నడుము సన్నబడినట్టు అనిపిస్తుంది. పాదాలు తెల్లని మేజోళ్లు తొడుక్కున్నట్టున్నాయి. పుస్తకం తీయకుండానే తెలిసింది, అయినా తీశాను. బ్లాక్ సోల్జర్ ఫ్లై. ముల్లు లేదు. కుట్టదు. పెద్దదయ్యాక దానికి తినే పని దాదాపు ఉండదు. దాని పిల్లలు కుళ్లిన ఆహారం తిని, మట్టిలాంటి ఎరువు మిగులుస్తాయి. అవి ఉన్న గుంతలో మామూలు ఇంటి ఈగలు పెరగడం తగ్గుతుంది.

శత్రువులను భయపెట్టడానికి ఆ ఈగ కందిరీగ వేషం వేస్తుంది. ఆ వేషానికి మోసపోయిన జీవుల జాబితాలో నేనూ చేరాను. కాని మిగతా జీవులకు నా డిగ్రీలు లేవు.

ముల్లు లేదు, నోరు లేనట్టే ఉంది, దాని పిల్లలే గుంతలో మేస్తున్నాయి. పుస్తకంలో అరపేజీలో ఉన్నది ఆమె పైపు పట్టుకొని మూడు ముక్కల్లో చెప్పింది. నేను ఊరుకోమన్నాను.

ఫొటోను పెద్దదిగా ముద్రించి కార్యదర్శి ఇంటికి వెళ్లాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకొని మర్యాదగా చూశాడు.

"ఓహో, ఈగా అండి ఇది? భలే ఉందే. సరే మేడం గారూ, థాంక్సండి."

"ధన్యవాదాలు అక్కరలేదు. నిర్ణయానికి ఆధారం నా కాగితం. ఆధారమే తప్పు. నిర్ణయం రద్దు చేయండి, నా కాగితం నాకు తిరిగి ఇవ్వండి."

"మినిట్స్‌లోకి ఎక్కిపోయిందండి."

"కొట్టివేయండి."

ఆయన వీధి వైపు ఒకసారి చూశాడు. తరువాత గొంతు తగ్గించాడు.

"మేడం గారూ, మీ కాగితం ఒక్కటే కాదండి. అతను మొన్న గేటు వదిలేసి కొత్తగూడ చౌరస్తాకి వెళ్లాడు, వంటా వార్పుకి. నేను కారులో వస్తూ చూశాను. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని, బంతి కూర్చుని తింటున్నారు, అతనూ తింటున్నాడు. నన్ను చూశాడు కూడానండి. చూసి, తింటూనే ఉన్నాడు. రేపు గేటు దగ్గర నలుగురు కుర్రాళ్లు వచ్చి మా కార్లు ఆపితే అతను ఎవరి పక్కన నిలబడతాడో చెప్పండి?"

"గేటు వదిలి వెళ్లడం తప్పు. దానికి నేనూ మందలిస్తాను. ఆ సంగతే కాగితం మీద రాయండి. ఈగ మీద ఎందుకు పెట్టారు?"

"అలా రాస్తే గొడవలవుతాయి కదండీ."

ఆయన భయం నటన కాదు. ఆ రోజుల్లో ఆయన కారు మీది కోస్తా జిల్లా నంబరు చూసి చౌరస్తాల్లో కేకలు వేసేవారు. భయపడినవారిని నేను వెక్కిరించను. కాని తన భయానికి తన పేరు పెట్టుకొనే ధైర్యం లేక, నా ఈగ పేరు, నా హోదా, నా చేతిరాత వాడుకున్న మనిషిని ఆ గుమ్మంలో నిలబడి చూస్తుంటే, చేతిలో కర్ర స్కేలు లేనందుకు చింతించాను. అంతకన్నా ఎక్కువ కోపం ఇంకొకరి మీద. ఆయన అడిగింది ఒక కాగితం. ఇచ్చింది నేను.

ఆదివారం ఉదయం సర్వసభ్య సమావేశం పెట్టించాను. నియమావళి ప్రకారం పదకొండు మంది సంతకాలుంటే పెట్టవలసిందే. ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించాను. ముద్రించిన ఫొటో, పుస్తకం, మూతకు రంధ్రాలు చేసిన గాజుసీసాలో నాలుగు ఈగలు, కర్ర స్కేలు తీసుకొని హాలుకు వెళ్లాను. కాపలాదారు, భార్య తలుపు బయట నిలబడ్డారు. సభ్యులు కారు కనుక లోపలికి రానివ్వలేదు.

తరగతిలో చెప్పినట్టే చెప్పాను. రెక్కలు, కాడలు, కిటికీలు. నా పొరపాటు ఎలా జరిగిందో దాచకుండా చెప్పాను. ముందు వరుసలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఈ కాలనీ నేల ఒకప్పుడు వాళ్ల జొన్న చేను. ఆయన తల పక్కకు వంచి అడిగాడు.

"టీచరమ్మా, అంత అయిపాయె గని, గీ ఈగ మనదా, ఆళ్లదా? మనదైతె చెప్పు, ఊకునేది లేదు."

హాలంతా నవ్వింది. ఆ నవ్వు సగంలో తెగింది. వెనుక వరుసలో ఎవరో "ఆళ్లదంటే ఎవరిదండీ? సరిగ్గా చెప్పండి" అన్నారు. "ఎవలకు దాకితే ఆళ్లదే" అని ఈవైపు నుంచి జవాబు. అయిదు నిమిషాల్లో ఈగ ఎక్కడికో పోయింది. ఉద్యోగాలు, నీళ్లు, ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరి నేల, ఎవరి బిల్డింగులు. ఒక యువకుడు నా దగ్గరికి వచ్చి, "మేడం, మీరు ఊ అనండి, కార్యదర్శి ఇంటి ముందు కూసుంటం" అన్నాడు. అతను నా ప్రాంతం వాడే. అతని మీదా అంతే కోపం వచ్చింది. తలుపు బయట నిలబడ్డ ఆ ఇద్దరి వైపు ఒక్కరూ తిరిగి చూడడం లేదు. అందరికీ ఆ ఈగ కావాలి, ఎవరి జెండా మీదికి వాళ్లకు.

స్కేలుతో బల్ల మీద కొట్టాను. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు, ఆ దెబ్బకు హాలు ఆగింది.

"ఈ సమావేశం ఒక కీటకం గురించి" అన్నాను. "ఆ కీటకం పేరు మీద ఒక కుటుంబాన్ని వీధిలో పెట్టాము. మాట్లాడితే దాని గురించి మాట్లాడండి. లేదా కూర్చోండి."

కూర్చున్నారు. నేను సీసా మూత తీసి ఒక ఈగను మణికట్టు మీదికి ఎక్కించుకున్నాను. ముందు వరుస కుర్చీలు వెనక్కి జరిగాయి. అది నా నరాల మీదుగా అరచేతి దాకా నడిచింది, మీసాలు కదిలించింది, కిటికీ వెలుగు వైపు ఎగిరిపోయింది. చెయ్యి ఎత్తి చూపించాను. ఎక్కడా మచ్చ లేదు.

కార్యదర్శి లేచాడు.

"మేడం గారు చెప్పింది కరెక్టేనండి. కందిరీగ కాదు. కానీ పురుగులు పురుగులే కదండీ. గుంత నిండా పురుగులు. పిల్లలున్న కాలనీ. హైజీన్ ముఖ్యం."

"మీ పాపను కుట్టింది ఏది?" అని అడిగాను.

"అది మీరే చెప్పాలండి."

"చూడలేదు, కనుక చెప్పను" అన్నాను. ఆ జవాబు మొదటి రోజే ఇచ్చి ఉంటే ఈ సమావేశమే లేదు.

చేతులు ఎత్తించారు. నిర్ణయం నిలిచింది. నా వైపు ఏడు చేతులు లేచాయి. అందులో మొదటిది గోడ మీదుగా నవ్విన గుంటూరావిడది. ఆ పెద్దాయన చెయ్యీ నా వైపే లేచింది. కార్యదర్శి ఇంటి ముందు కూర్చుంటానన్న యువకుడు ఫోను చూసుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. పేరు కందిరీగ అయినా, ఈగ అయినా మిగతావాళ్లకు ఒకటే. నాకు ఒకటి కాదు. నేను ఆ పేరు ఇవ్వకపోతే వాళ్లు ఇంకో కారణం వెతుక్కోవలసి వచ్చేది. సులభమైన కారణం నా చేత్తో రాసిచ్చాను.

రేకుల గదికి వెళ్లాను. ఆ గుమ్మం ముందు నిలబడడం అదే మొదటిసారి. లోపల మూటలు కట్టి ఉన్నాయి. పుప్పాలగూడ దగ్గర కట్టే అపార్టుమెంటులో పని, పక్కనే రేకుల పాకల్లో చోటు దొరికాయని కాపలాదారు చెప్పాడు. పిల్లల బడి పుస్తకాలు ఒక పక్కన దారంతో కట్టి ఉన్నాయి. అక్కడినుంచి ఈ బడికి నడిచి రాలేరు. ఆ సంగతి వాళ్లు చెప్పలేదు, నేనే లెక్కవేసుకున్నాను.

ఆమె నన్ను చూసి లేవలేదు.

"తెల్సిందా అమ్మా?"

"తెలిసింది. నువ్వు చెప్పినట్టు అది ఈగే."

"నేను ఈగ అని చెప్పలే" అంది. "కుట్టదని చెప్పిన."

నిజమే. తాను చూసినదాన్నే చెప్పింది. చూడనిది చెప్పలేదు. నా ఉత్తమ విద్యార్థుల్లో కూడా అంత క్రమశిక్షణ అరుదు.

"నేను తప్పు చేశాను. చూడకుండా రాశాను. గుంత మాట నన్ను ఎవరూ అడగకపోయినా రాశాను."

"రాసినవ్. అయిపాయె గద ఇగ" అంది. ఓదార్చలేదు. ఓదార్చనందుకు ఆమె మీద గౌరవం కలిగింది.

"నా ఇంటి వెనుక ఒక గది ఉంది. ఆ స్థలం సంఘానిది కాదు, నాది. అందులో ఉండండి. పిల్లల బడి మారనవసరం లేదు."

ఆమె మొగుడి వైపు చూసింది. అతను మూట ముడి వైపు చూశాడు.

"నీ ఇంట్లనా? రోజు ఒర్రుతవ్ నువ్వు."

"ఒర్రను."

"ఒర్రకుంటె నీకు అన్నం అరుగుతదా?"

కాపలాదారు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె నవ్వలేదు. నిజంగానే అడుగుతోంది.

"అరగకపోయినా ఒర్రను" అన్నాను.

"మరి గుంత?"

"అక్కడే ఉంటుంది."

"దాన్ల నువ్వు పుల్ల పెట్టి కెలకొద్దు. ఫొటో దీసుకో, గంతే."

ఒప్పుకున్నాను. ఇంకొకరి షరతు మీద నా తోటలో నేను నడుచుకోవడం అదే మొదలు.

నా ఇంటి వెనుక గది ఖాళీ చేయడానికి రెండు రోజులు పట్టింది. ముప్పై ఒక్క ఏళ్ల సీసాలు, పటాలు, పెట్టెల్లో సూదులు గుచ్చిన కీటకాలు, అన్నీ ముందుగదిలోకి చేర్చాను. నా ముందుగది అంత అస్తవ్యస్తంగా ఎన్నడూ లేదు. ఆమె మొగుడికి గచ్చిబౌలి వైపు ఒక భవనం గేటు దగ్గర పని దొరికింది. పిల్లలు బడికి నడిచే వెళ్లారు.

వాళ్లు వచ్చిన మొదటి ఉదయం రిజిస్టరు తెరిచాను. ఆ నల్ల ఈగ వరుసలో పేరు గడి అంతవరకు ఖాళీగానే ఉంది. కాగితం మీద ఊరందరికీ ప్రకటించిన పేరు నా సొంత రిజిస్టరులో రాయడానికి మాత్రం కరెంటు కోసం ఆగాను. సొంత పుస్తకానికి చూపించిన శ్రద్ధ ఆ కుటుంబానికి చూపించలేదు. ఇప్పుడు సరైన పేరు రాశాను. నిర్ధారించినవారు అనే గడి దగ్గర కలం ఆగింది. పైపు పట్టుకొని కరివేపాకు దగ్గర నిలబడ్డ ఆమెను పిలిచాను.

"నీ పేరేమిటి?"

నీళ్లు పాదు దాటి దారి మీదికి పారాయి.

"పేరా? గిప్పుడెందుకు? రేషన్ కార్డు ఇప్పిస్తవా?"

నాలుగేళ్లు ప్రతి ఉదయం నా తోటలో ఉన్న మనిషి. నా కంటికి కనిపించీ కనిపించని ప్రతి ఈగ పేరూ నాకు తెలుసు. ఆమె చెప్పింది. రాశాను. నా పొడి అక్షరాలు లేని గడి ఆ రిజిస్టరులో అదొక్కటే.

నోటీసు పెట్టె తాళంచెవి కార్యదర్శి దగ్గరే ఉండిపోయింది. నా దిద్దుబాటు కాగితాన్ని అద్దం లోపల పెట్టడానికి ఒప్పుకోలేదు. అద్దం బయట, సరిగ్గా ఆ పాత కాగితం మీదికి వచ్చేలా అంటిస్తానని చెప్పాను. ఆమె మైదా ఉడికించి గిన్నెలో తెచ్చింది. నేను అంచులు సరిచూసి కొలిచి అంటిస్తుంటే పక్కన నిలబడి అడిగింది.

"గిందుల ఏం రాసినవ్? సదువు."

చదివి వినిపించాను. మొదటి కాగితం రాసిన రోజు అడిగితే చెప్పలేదు.

"సరే" అంది. "ఇది గూడ తప్పయితె మళ్ల నేను మైదా ఉడకవెట్ట."

మర్నాటికి ఎవరో చింపేశారు. మళ్లీ రాసి అంటించాను. మళ్లీ చింపారు. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు, లెక్కపెట్టకపోవడం నా స్వభావం కాదు. రాష్ట్రం వచ్చింది, కార్యదర్శి మారాడు, నోటీసు పెట్టె మాత్రం ఎవరూ తెరిచి శుభ్రం చేయలేదు. ఇప్పటికీ గేటు దాటేటప్పుడు నా కాగితం అద్దం వెనుక పసుపురంగుకు తిరిగి కనిపిస్తుంది. ఆగి, మూడు వాక్యాలూ చదువుతాను. రెండు అబద్ధాలు, ఒక చాడీ. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.